ఏ బ్యాక్టీరియా తెచ్చారు?

డీజిల్ కారి పాడైన మట్టిని సూక్ష్మజీవులతో బాగుచేసే పని నాది అని చెప్పగానే అందరూ అడిగేది ఇదే: "ఏ బ్యాక్టీరియా తెచ్చి వేస్తారు?" ఏదీ తేలేదంటే పాపం, నిరాశపడతారు.

నిజంగానే తేలేదు. నూనె తినే సూడోమోనాస్ లాంటివి దాదాపు ఏ మట్టిలోనైనా అంతో ఇంతో ఉంటాయి. డీజిల్ పడ్డాక వాటికి కార్బన్‌కు లోటుండదు. కరువల్లా నత్రజనికీ, భాస్వరానికీ, గాలికీ. 100 పాళ్ల కార్బన్‌కు 10 పాళ్ల నత్రజని, 1 పాలు భాస్వరం అని మా లెక్క. కాబట్టి మా సరంజామా అంతా యూరియా, సూపర్ ఫాస్ఫేట్, నీళ్ల పైపు, మట్టి తిరగేసే యంత్రం. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి ముడిచమురు ఒలికినప్పుడూ అక్కడి సూక్ష్మజీవులకు ఊతంగా ఒడ్డున రాళ్ల మీద చల్లింది ముఖ్యంగా ఎరువులే.

నేను చూసుకున్న మొదటి మట్టి కుప్ప మాత్రం నా చేతుల్లోనే చెడింది. పైన నీళ్లు పోస్తే తామరాకు మీద బొట్టుల్లా దొర్లిపోయాయి. డీజిల్ పట్టిన మట్టి నీటిని అంత తేలిగ్గా పీల్చుకోదు. నాకు టెన్షన్ వచ్చి సాయంత్రం దాకా పైపు వదిలేశాను. వారం తర్వాత పార దించితే లోపలంతా నలుపు, కుళ్లిన కోడిగుడ్డు కంపు. గాలి ఆడక ఆగమైపోయింది. మొత్తం తిరగేసి ఆరబెట్టాల్సి వచ్చింది. ఇప్పుడైతే గుప్పిట్లో పిసికి చూస్తాను: ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు.

రెండో నెలలో డీజిల్ వాసన తగ్గిందని సంబరంగా చెబితే మా సార్ నవ్వారు. "తిరగేసినప్పుడల్లా తేలిక భాగం గాల్లో కలిసిపోతుందమ్మా. గ్రాఫ్ తీసుకురా."

ఆ గ్రాఫ్ పేరు క్రొమాటోగ్రామ్, డీజిల్‌లో ఏ పదార్థం ఎంతుందో విడివిడిగా చూపిస్తుంది. చూడ్డానికి దువ్వెనలా ఉంటుంది. ఆల్కేన్లు అనే గొలుసుల్లాంటి కార్బన్ అణువులే దాని పళ్లు. అందులో 17 కార్బన్లున్న పన్ను పక్కనే ప్రిస్టేన్ అని ఇంకొకటి ఉంటుంది. రెండూ ఆవిరయ్యే తీరు దాదాపు ఒకటే, కానీ కొమ్మలున్న ప్రిస్టేన్‌ను బ్యాక్టీరియా అంత త్వరగా ముట్టదు. మా గ్రాఫులో మొదటిది సగానికి పైగా అరిగిపోయింది, ప్రిస్టేన్ దాదాపు అలాగే నిలబడింది. గాలికి పోయుంటే రెండూ కలిసే పోయేవి.

దువ్వెన కింద మూపురంలా ఉబ్బిన, బ్యాక్టీరియాకు తేలిగ్గా లొంగని మొండి భాగం మాత్రం పెద్దగా కదల్లేదు. వచ్చే వారం మళ్లీ తిరగేస్తున్నాం.