తూకానికి దొరికిన బీబీసీ మైక్రో

విశాఖ కంచరపాలెంలో ఒక పాత సామాన్ల కొట్టుంది. వారానికోసారి అటు వెళ్లి రావడం నాకు అలవాటు, ఇంట్లోవాళ్లకు తలనొప్పి. పదిసార్లు వెళ్తే తొమ్మిదిసార్లు దుమ్మే దొరుకుతుంది. ఆ రోజు మాత్రం విరిగిన ప్రింటర్ల కింద నల్లటి మీటలు, వాటిపైన వరసగా పది నారింజ రంగు మీటలు కనిపించాయి. లాగి చూస్తే చుక్కలతో వేసిన గుడ్లగూబ బొమ్మ. గుండె ఝల్లుమంది.

"ఏటి బాబూ, ఆ కీబోర్డుతో పని? దాని కంప్యూటరు రాలేదు" అన్నాడు కొట్టాయన. నేను నోరు విప్పలేదు. అసలు కంప్యూటరంతా ఆ మీటల కిందే ఉంటుంది. బ్రిటన్‌లోని ఏకార్న్ కంపెనీ 1981లో తెచ్చిన బీబీసీ మైక్రో అది, ఆ గుడ్లగూబే దాని గుర్తు. బడిపిల్లలకు కంప్యూటర్ నేర్పడానికి 1984లో మొదలైన 'క్లాస్' పథకంలో మన బడులకు వచ్చినవి ఇవే. మెమరీ 32 కేబీ. వాట్సాప్‌లో వచ్చే గుడ్‌మార్నింగ్ బొమ్మ కూడా అందులో పట్టదు! కాటా నాలుగు కిలోల లోపే చూపించింది. రెండొందలన్నాడు. బేరమాడకపోతే అనుమానం వస్తుందని ఇరవై తగ్గించమన్నాను.

వెనక రెండు, అడుగున రెండు స్క్రూలు. మన ఉప్పుగాలికి ఒకటి తుప్పుపట్టి బిగుసుకుపోయింది. నూనె చుక్క వేసి రాత్రంతా వదిలేస్తే తెల్లారి కదిలింది. లోపల బొద్దింకల కాపురం. దాని గురించి వద్దులెండి.

అసలు గండం పవర్ సప్లైలో ఉంది. అందులో రిఫా కంపెనీ కెపాసిటర్లు, అంటే ఛార్జ్ పట్టి ఉంచే చిన్న భాగాలు, ఉంటాయి. వాటి తొడుగు ఏళ్లు గడిచేకొద్దీ బీటలు వారుతుంది. లోపలి కాగితం తేమ పీల్చుకుంటుంది, కరెంటు తగిలితే కాలుతుంది. ముందు వాటిని మార్చాలని నాకు తెలుసు. తెలిసీ, ఒక్కసారి చూద్దామని స్విచ్ వేశాను. "బూ... బీప్" అంది. ఎగిరి గంతేశాను. ఐదు నిమిషాలకు తెల్లటి పొగ, ముక్కు పగిలే కంపు. "ఏంట్రా మాడుతోంది?" అని వంటింట్లోంచి అమ్మ కేక.

డాబా గార్డెన్స్‌లో ఎక్స్2 రకం (నేరుగా మెయిన్స్ కరెంటుకు తగిలించేవి) కొత్త కెపాసిటర్లు, 0.1, 0.01 మైక్రోఫారడ్‌వి తెచ్చి వేశాను. ప్లగ్ పీకాక కూడా లోపల ఛార్జ్ మిగిలి ఉంటుంది, మీటర్‌తో చూడకుండా వేలు పెట్టకండి. వీడియో వైరు టీవీకి కలిపితే నలుపు తెలుపుల్లో "బీబీసీ కంప్యూటర్ 32కే" అన్న అక్షరాలు వచ్చాయి.

మొన్న కొట్టాయన ఫోన్ చేశాడు, ఇంకో కీబోర్డు వచ్చిందని. వర్షంలో బండేసుకుని వెళ్లాను. పాటలు వాయించుకునే క్యాసియో.