9వ వారం

స్కానింగ్‌లో కడుపులో బిడ్డకి గుండె చప్పుడు లేదన్నారు. డాక్టరమ్మ మూడు దారులు చెప్పింది: దానంతట అదే పోయేదాకా ఆగడం, మాత్రలు, లేదా మత్తిచ్చి గొట్టంతో లోపలిది తీసేసే సక్షన్‌. "ఒక్కరోజులో అయిపోతుంది, చేయించేసుకో అమ్మా" అంది అత్తయ్య. నాకు మత్తంటే భయం. మాత్రలే అన్నాను.

మొదటి మాత్ర మిఫెప్రిస్టోన్ వేసుకున్న రెండో రోజు, గర్భసంచిని బిగించి లోపలిది బయటికి పంపే మిసోప్రోస్టాల్. నెలసరి నొప్పిలా ఉంటుందన్నారు. నాకు అంతకంటే చాలా ఎక్కువే వచ్చింది. బాత్రూమ్ గోడకి ఆనుకుని నేను, నా నడుముకి వేడినీళ్ల బ్యాగ్ అదిమి పట్టుకుని అమ్మ. గంటకి 2 ప్యాడ్లు చొప్పున 2 గంటలు తడిస్తే వెంటనే రమ్మన్నారు కదా, తెల్లవార్లూ గడియారమే చూశాను.

తర్వాతి స్కాన్‌లో ఇంకొంచెం మిగిలిందన్నారు. చివరికి సక్షనే చేశారు. నాది నెగటివ్ గ్రూప్, అందుకని తర్వాతి కాన్పుకి ఇబ్బంది రాకుండా యాంటీ-డి ఇంజెక్షన్ కూడా.

అయినా మాత్రలు ఎంచుకున్నందుకు నాకు బాధ లేదు. అడిగి, నన్నే తేల్చుకోమన్నారు. మొదటి స్కాన్ ఫోటో ఇంకా బీరువాలో చీరల మధ్యే ఉంది.