కెపాసిటర్ మార్చడం తేలికే, అది కార్చిన రసంతోనే అసలు పని

ఒక పాత హోమ్ కంప్యూటర్ మదర్‌బోర్డు రిపేరుకి నా దగ్గరికి వచ్చింది. 1990ల మొదట్లో తయారైనది. ఆన్ చేస్తే బొమ్మ వస్తుంది. సౌండ్ మాత్రం కుడి పక్క అసలు లేదు, ఎడమ పక్క నూతిలోంచి వచ్చినట్టు ఉంది. కాసేపు నడిచాక దానంతట అదే రీసెట్ అయిపోతుంది. ఇలాంటి బోర్డు కనబడగానే చాలామంది చిప్పుల మీద పడతారు. నేను భూతద్దం పట్టుకుని ముందు చూసింది సౌండ్ భాగంలో ఉన్న చిన్న వెండి రంగు డబ్బాల్ని, అంటే బోర్డు పైనే అతికించే (సర్ఫేస్ మౌంట్) ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లని. కెపాసిటర్ అంటే కరెంటుని కాస్త నిలవుంచుకుని ఇచ్చే భాగం.

పైనుంచి చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి. ఏదీ ఉబ్బలేదు, పగల్లేదు. ఈ రకంతో చిక్కే అది. ఇవి పైకి ఉబ్బవు, కిందనుంచి కారతాయి. గుర్తులు డబ్బా మీద కాదు, దాని కాళ్ల దగ్గర వెతకాలి. అక్కడ మెరవాల్సిన సోల్డర్, అంటే కాళ్లని బోర్డుకి అతికించే లోహం, బూడిద రంగుకి తిరిగింది. పక్కనున్న వయాల చుట్టూ, అంటే ఒక పొర నుంచి ఇంకో పొరకి కరెంటు దిగే చిన్న రంధ్రాల చుట్టూ, పచ్చటి చిలుము. బోర్డు పూత ఒకచోట నల్లబడి జిడ్డుగా ఉంది. సోల్డరింగ్ ఐరన్ ఆనించగానే కుళ్లిన చేపల వాసన గుప్పుమంది. ఆ వాసన వచ్చాక ఇక మీటరు పెట్టి నిర్ధారించుకోవాల్సిన పనేం లేదు.

లోపల జరిగేది ఇదీ. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ అంటే రెండు అల్యూమినియం రేకులు, మధ్యలో ఎలక్ట్రోలైట్ అనే రసంలో తడిపిన కాగితం, అంతా కలిపి చుట్టి డబ్బాలో పెట్టి కింద రబ్బరు మూత బిగిస్తారు. ప్లస్ రేకు మీద ఏర్పడిన అతి పల్చటి ఆక్సైడ్ పొరే దీనికి ఇన్సులేటర్. 1980ల చివర, 1990ల మొదట్లో చాలా కెపాసిటర్లలో క్వాటర్నరీ అమ్మోనియం లవణాలతో చేసిన ఎలక్ట్రోలైట్ వాడారు. పనితనం బాగుండేది. కానీ ఏళ్లు గడిచేకొద్దీ మైనస్ కాలు దగ్గర అది క్షారంగా మారి, రబ్బరు మూత పట్టు సడలించి, కాళ్ల వెంబడే బయటికొస్తుంది. వచ్చి అక్కడితో ఆగదు. పూత కిందికి దూరి రాగి ట్రాకుల్ని, అంటే కరెంటు నడిచే సన్నటి దారుల్ని, తినడం మొదలుపెడుతుంది. బోర్డు అటక మీద ఊరికే పడున్నా ఈ పని సాగుతూనే ఉంటుంది.

కాళ్లు బోర్డులోంచి కిందికి దిగే పాత పెద్ద కెపాసిటర్ల జబ్బు వేరు. అవి ఎక్కువగా ఎండిపోతాయి. కెపాసిటీ తగ్గుతుంది, లోపలి నిరోధం పెరుగుతుంది. దీన్నే ఈఎస్ఆర్ అంటాం. ఎండడానికి ముఖ్య కారణం వేడి. డబ్బా మీద 105 డిగ్రీలు అని ఉండి, డేటాషీటులో 2000 గంటలు అని ఉంటే, అది ఆ వేడిలో ఇచ్చే ఆయుష్షు. వేడి 10 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ ఆయుష్షు రెట్టింపవుతుందని వాడుకలో ఉన్న లెక్క. 45 డిగ్రీల దగ్గర నడిస్తే 64 రెట్లు, అంటే 1,28,000 గంటలు, ఆపకుండా నడిపితే దాదాపు 14 ఏళ్లన్నర. కాగితం మీద బాగానే ఉంది గానీ, రబ్బరుకి ఈ లెక్క తెలియదు కదా! 2000ల మొదట్లో పీసీ మదర్‌బోర్డుల మీద తల ఉబ్బి పగిలిన కెపాసిటర్లది మళ్లీ ఇంకో కథ. అది ఎలక్ట్రోలైట్ తయారీలోనే ఉన్న లోపం.

అన్నీ మార్చాలా, చెడిపోయినవే మార్చాలా అన్నది ఎప్పుడూ తెగని వాదన. నా పద్ధతి బోర్డుని బట్టి ఉంటుంది. కారే రకం సర్ఫేస్ మౌంట్ డబ్బాలున్న బోర్డయితే కొలవకుండా అన్నీ తీసేస్తాను. ఇవాళ మీటరులో బాగున్నది వచ్చే ఏడాది కారుతుంది, ఆపాటికి కింద రాగి ఉండదు. కాళ్లు దిగే రకమైతే ముందు కొలుస్తాను. ఈఎస్ఆర్ మీటరు సాధారణంగా 100 కిలోహెర్ట్జ్ దగ్గర, చిప్పులు మేలుకోనంత తక్కువ వోల్టేజీతో కొలుస్తుంది కాబట్టి కెపాసిటర్‌ని బోర్డులోంచి తీయకుండానే చూడొచ్చు. ఒక్క జాగ్రత్త: ఒకే లైన్లో నాలుగు కెపాసిటర్లు పక్కపక్కనే ఉంటే బాగున్న మూడూ చెడిపోయిన నాలుగోదాన్ని దాచేస్తాయి.

విప్పే ముందు ఫోటోలు తీసి, కాగితం మీద బొమ్మ గీసుకుని, ప్రతి కెపాసిటర్ నంబరూ, విలువా, మైనస్ ఎటుందో రాసుకున్నాను. బోర్డు మీద ప్లస్ గుర్తు ముద్రించి ఉంటుంది కదా అనుకోవచ్చు. ఆ ముద్రని గుడ్డిగా నమ్మకూడదు. ఆపిల్ వాళ్ల పాత కంప్యూటర్ మాకింటోష్ ఎల్‌సి 3 బోర్డులో సి22 అనే కెపాసిటర్ దగ్గర గుర్తే తిరగేసి ముద్రించారు. అది మైనస్ 5 వోల్టుల లైను. అలాంటి లైన్లో ప్లస్ కాలు గ్రౌండ్‌కి, అంటే సున్నా వోల్టుల లైనుకి, వెళ్లాలి, మామూలు అలవాటుకి అది ఎదురు. అమిగా 4000 అనే ఇంకో పాత కంప్యూటర్లో వాడే ఏ3640 ప్రాసెసర్ కార్డు మీద కూడా ఇలా తిరగబడ్డ గుర్తులున్నాయి. అందుకే ప్రతి చోటా మల్టీమీటరుతో ఏ ప్యాడ్ (కాలు అతికే రాగి మచ్చ) గ్రౌండ్‌కి వెళ్తోంది, రెండోది ఏ సప్లైకి వెళ్తోంది అని చూసుకుని ఆ తర్వాతే నా బొమ్మలో టిక్కు పెట్టాను. టాంటలమ్ అనే లోహంతో చేసే కెపాసిటర్లు వాడేవాళ్లకి ఇంకో ఉచ్చు ఉంది. అల్యూమినియం డబ్బా మీద గీత మైనస్‌ని చూపిస్తుంది, టాంటలమ్ మీద గీత ప్లస్‌ని చూపిస్తుంది. తిరగేసి పెడితే టాంటలమ్ మంటతో సమాధానం చెబుతుంది.

కొత్తవి ఎంచుకోవడంలో పెద్ద మాయ లేదు. మైక్రోఫారడ్లు పాతదాని విలువే, వోల్టేజీ అంతే లేదా ఎక్కువ, వేడి 105 డిగ్రీలు. 16 వోల్టుల చోట 25 వోల్టులది పెట్టొచ్చు, సైజు పట్టాలంతే. ఇవి ఇక జన్మలో కారకూడదని కొందరు ద్రవం లేని పాలిమర్ రకం గానీ సిరామిక్ రకం గానీ వేస్తారు. పాలిమర్ మంచిదే, అయితే దాని ఈఎస్ఆర్ మరీ తక్కువ. పాత వోల్టేజీ రెగ్యులేటర్లలో కొన్ని అవుట్‌పుట్ దగ్గర కొంత ఈఎస్ఆర్ ఉంటేనే నిలకడగా పనిచేస్తాయి, లేకపోతే ఊగుతాయి. సిరామిక్‌లో వోల్టేజీ పెరిగేకొద్దీ కెపాసిటీ పడిపోతుంది. 22 మైక్రోఫారడ్లని రాసున్నది పనిలోకి దిగాక సగమే మిగలొచ్చు. నేను అన్నిచోట్లా మళ్లీ అల్యూమినియం ఎలక్ట్రోలైటిక్‌లే వేశాను. ఇంకో ఇరవై ఏళ్లకి మళ్లీ మార్చాల్సొస్తే అప్పటి మనిషి చూసుకుంటాడు.

తీయడం దగ్గర తొందరపడితే బోర్డు పోతుంది. కారిన రసం వల్ల ప్యాడ్ కింది జిగురు అప్పటికే బలహీనపడి ఉంటుంది, లాగితే రాగితో సహా ఊడొస్తుంది. ముక్కుపట్టకారుతో డబ్బాని అటూ ఇటూ తిప్పి విరిచే పద్ధతి ఒకటి ఉంది. శుభ్రమైన బోర్డు మీద అది నడుస్తుందేమో గానీ, కారిన బోర్డు మీద నేను చేయను. వేడిగాలి కూడా నాకు నచ్చదు. లోపల మిగిలిన ద్రవం మరిగి డబ్బా టప్పుమని పేలొచ్చు, రసం పక్క చిప్పుల కిందికి చిందుతుంది.

ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ చేశాను. తర్వాత సోల్డర్ బాగా అంటుకునేలా చేసే ఫ్లక్స్ ధారాళంగా వేసి, పాత కీళ్ల మీద కొత్త సోల్డర్ కలిపాను. ఇక్కడ సీసం ఉన్న 63/37 సోల్డరే మంచిది, 183 డిగ్రీలకే కరుగుతుంది. బూడిద రంగు తిరిగిన సోల్డర్ మాత్రం ఓ పట్టాన కరగదు. పైన పేరుకున్న పొర వేడిని లోపలికి పోనివ్వదు. అలాంటి చోట ఐరన్ వేడి పెంచి నొక్కి పట్టుకోవడం కన్నా, కొంచెం గీకి, ఫ్లక్స్ వేసి, కొత్త సోల్డర్ అంటించడం నయం. రెండు కాళ్లకీ రెండు ఐరన్లు ఒకేసారి ఆనించి, రెండు పక్కలా కరిగాయని కంటితో చూశాకే పైకి ఎత్తాను. గ్రౌండ్ వైపు ప్యాడ్ వెనక పెద్ద రాగి పరుపు ఉంటుంది, అది వేడిని లాగేసుకుంటుంది కాబట్టి ఆ పక్క ముందు ఆనించాలి. కిటికీ తెరిచి పెట్టుకోవడం మర్యాద కోసం కాదు, ఆ పొగ కళ్లల్లో మండుతుంది.

కెపాసిటర్లన్నీ ఊడాక బోర్డు అసలు రూపం బయటపడింది. డబ్బా కూర్చున్న చోట ఎండిన గోధుమ రంగు జిగురు, దాని కింద నల్లబడ్డ రాగి. చాలా రిపేర్లు తిరగబెట్టేది ఇక్కడే. ఆ జిగురు మీదే కొత్త కెపాసిటర్ కూర్చోబెడితే కొన్నాళ్లు బాగా నడుస్తుంది, కింద మాత్రం రాగి తరుగుతూనే ఉంటుంది. విక్‌తో, అంటే కరిగిన సోల్డర్‌ని పీల్చే రాగి అల్లికతో, ప్యాడ్ల మీది సోల్డర్ మొత్తం పీల్చేశాను. క్షారానికి విరుగుడుగా తెల్ల వెనిగర్ దూదిపుల్లతో కొద్దిగా రాసి, వెంటనే డిస్టిల్డ్ నీళ్లతో కడిగి, మళ్లీ ఆల్కహాల్‌తో తడి లాగేశాను. వెనిగర్ కూడా ఆమ్లమే, దాన్ని బోర్డు మీద వదిలేస్తే ఒక రోగం పోయి ఇంకోటి వస్తుంది. నల్లబడ్డ ట్రాకుల్ని ఫైబర్ పెన్నుతో రాగి మెరిసేదాకా సున్నితంగా గీకి, సోల్డర్ పల్చగా పూశాను.

కొత్తవి అతికించడం చకచకా అయిపోయింది. కరెంటు ఇచ్చే ముందు 5 వోల్టుల లైనుకీ గ్రౌండ్‌కీ మధ్య షార్టు లేదని చూసుకుని, కరెంటు పరిమితి పెట్టుకునే సప్లైతో మొదలుపెట్టాను. రీసెట్ సమస్య పోయింది. ఎడమ పక్క సౌండ్ నిండుగా వచ్చింది. కుడి పక్క మాత్రం అప్పుడూ మౌనమే.

అప్పుడు సిగ్నల్ వెంట నడవాల్సొచ్చింది. ఆసిల్లోస్కోపుతో చూస్తే కుడి పక్క ఆప్ యాంప్ (సిగ్నల్‌ని పెంచే చిప్పు) అవుట్‌పుట్‌లో సిగ్నల్ ఉంది. కెపాసిటర్ దాటాక కూడా ఉంది. కానీ దాని తర్వాతి రెసిస్టర్ దగ్గర లేదు. రెంటి మధ్యా ఉన్నది వేలెడంత ట్రాకు, ఒక వయా. కంటికి రెండూ బాగానే ఉన్నాయి. మీటరుని కంటిన్యుటీలో, అంటే దారి తెగకుండా ఉంటే బీప్ ఇచ్చే అమరికలో, పెడితే వయా పై అంచు నుంచి కింది అంచుకి బీప్ లేదు. రంధ్రం లోపలి గోడకున్న రాగి పూతని రసం పైనుంచి దిగి తినేసింది. బయటి అంచు మెరుస్తూనే ఉంది కాబట్టి ఎన్నిసార్లు చూసినా తెలియదు. రంధ్రంలోంచి సన్నటి రాగి తీగ ఒకటి దూర్చి, రెండు పక్కలా సోల్డర్ చేసి, పైన యూవీ కాంతికి గట్టిపడే పూత వేశాను. రెండు పక్కలా సౌండ్ సమానంగా వచ్చింది. చుట్టుపక్కల వయాలు కూడా ఒక్కొక్కటీ మీటరుతో చూశాను. ఇంకొకటి బీప్ ఇచ్చింది గానీ రీడింగు ఊగుతోంది, దానికీ తీగ వేసేశాను.

మిగిలింది పవర్ సప్లై. ఇందులో జాగ్రత్త ప్రాణానికి సంబంధించింది. 230 వోల్టుల కరెంటు మీద నడిచే స్విచ్చింగ్ సప్లైలో పెద్ద కెపాసిటర్ దగ్గర సుమారు 320 వోల్టులుంటాయి, ప్లగ్ తీసేశాక కూడా కాసేపు నిలవుంటాయి. స్క్రూడ్రైవర్‌తో షార్టు చేసి ఖాళీ చేయడం కాదు, తగిన వాటేజీ రెసిస్టర్ అడ్డం పెట్టి, మీటరులో సున్నాకి దిగిందని చూశాకే చెయ్యి పెట్టాలి. ఇక్కడ అన్నీ మార్చలేదు. ఈఎస్ఆర్ చూస్తే పెద్ద కెపాసిటర్ నిక్షేపంలా ఉంది, అవుట్‌పుట్ వైపు వేడిని లాగే హీట్‌సింక్‌ని ఆనుకుని ఉన్నవి మాత్రం ఎండిపోయాయి. వాటిని తక్కువ ఈఎస్ఆర్ రకంతో మార్చాను. కరెంటు లోపలికొచ్చే చోట పసుపు పూతలో ఉన్న పాత పేపర్ కెపాసిటర్‌కి సన్నటి నెర్రెలు కనబడ్డాయి. పనిచేస్తున్నా సరే పీకేసి, మెయిన్స్ కరెంటుకి అడ్డంగా వేయడానికే చేసిన ఎక్స్2 రకం ఫిల్మ్ కెపాసిటర్ వేశాను. నెర్రెల్లోంచి తేమ చేరితే అది ఎప్పుడో ఒకప్పుడు గదినిండా పొగ పెడుతుంది. చివరగా కరెంటు దారిలో సీరీస్‌గా ఒక బల్బు పెట్టి ఆన్ చేశాను. బల్బు ఒక్కసారి వెలిగి ఆరింది, అంటే షార్టు లేదు. బల్బు తీసేసి, లోడు పెట్టి 5 వోల్టుల లైను చూస్తే నిలకడగా ఉంది. అప్పుడు బోర్డు దానికే కలిపి మూత బిగించాను.