సోర్సులో లేని గాజులు

వెబ్ పేజీ సోర్సు, అంటే దాని వెనకున్న కోడ్, తెరిచి చూస్తే అందులో ఒక్క గాజు పేరైనా లేదు. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం నడిపే మిత్రుడి కోసం నేనే తయారుచేసిన సైటు అది. తెర మీద 400 రకాల లక్క గాజులు తళతళలాడుతుంటే, సోర్సులో మాత్రం ఒక ఖాళీ డివ్ (పేజీలో ఖాళీ పెట్టె లాంటిది), దాని కింద ఒక స్క్రిప్టు ఫైలు పేరు, అంతే.

“గూగుల్‌లో దుకాణం పేరు కొడితే వస్తోంది గానీ, గాజుల పేర్లు కొడితే రావట్లేదన్నా” అని అతను పొద్దున ఫోన్ చేసినప్పుడు, కొన్నాళ్లు ఆగమని తేలిగ్గా చెప్పేశాను.

తప్పు నాదే. ప్రతి రకానికీ చిరునామాలో హ్యాష్ (#) గుర్తు తర్వాత పేరు పెట్టాను. ఆ గుర్తు తర్వాతి భాగాన్ని బ్రౌజర్ సర్వర్‌కు పంపనే పంపదు కాబట్టి, క్రాలర్ (సెర్చ్ ఇంజిన్ కోసం పేజీలు చదివే ప్రోగ్రాం) లెక్కలో అన్నీ కలిపి ఒకే పేజీ. ఇలాంటి పేజీలను క్రాలర్ చదవగలిగేలా హ్యాష్ పక్కన ఆశ్చర్యార్థకం చేర్చే పద్ధతిని 2009లో ప్రతిపాదించిన గూగుల్, 2015లో తానే దాన్ని పక్కన పెట్టేసింది. ఇప్పుడు గూగుల్ క్రాలరైన గూగుల్‌బాట్ జావాస్క్రిప్టును నడిపి చూస్తుందన్నది నిజమే గానీ, అది బటన్లు నొక్కదు. నేను పెట్టినవన్నీ బటన్లే.

సాయంత్రానికి ఒక్క విభాగాన్ని మామూలు లింకులకు మార్చి, సర్వర్ నుంచే పూర్తి హెచ్‌టీఎంఎల్ వచ్చేలా చేశాను. సోర్సులో “రాళ్ల గాజులు” అన్న మాట కనిపించింది. మిగతావి రేపు.