ట్రాకింగ్ టికెట్ ఎప్పుడు తెరవాలి? నా అనుభవం

నా ప్రపోజల్ (ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు పెట్టిన మార్పు ప్రతిపాదన) ఓకే అయి, నిన్న రాత్రి కోడ్ కూడా మెర్జ్ అయింది, అంటే ప్రాజెక్టు అసలు కోడ్‌లో కలిసింది. కోపం ఇంకా పూర్తిగా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

సంగతేంటంటే, నేను వాడే ఒక ఓపెన్ సోర్స్ టెక్స్ట్ లైబ్రరీలో (అక్షరాల పని చూసే, ఎవరైనా వాడుకోగల కోడ్) కర్సర్ మన ఒత్తక్షరాల మధ్యలో ఆగిపోయేది. 'కృష్ణా' అని టైప్ చేస్తే కృ, ష్, ణా అని మూడు ముక్కలుగా లెక్కపెట్టేది. కంప్యూటర్లలో లిపులకు ప్రమాణమైన యూనికోడ్‌లో, 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లో దీనికి కొత్త నియమం చేర్చారు. తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపుల్లో పొల్లుతో కలిసిన హల్లులన్నీ ఒకే ముక్క కావాలి. అంటే కృ, ష్ణా, రెండే. ఆ నియమాన్ని లైబ్రరీలోకి తెద్దామన్నదే నా ప్రపోజల్. రాయడం, చర్చ, సవరణలు అన్నీ సాఫీగానే జరిగాయి.

నన్ను ఏడిపించింది ట్రాకింగ్ టికెట్, అంటే ఒక మార్పు పని ఎంతవరకు వచ్చిందో రాసుకునే పేజీ. ప్రాజెక్టు రూల్స్ పేజీలో 'ప్రతి ప్రపోజల్‌కీ ట్రాకింగ్ టికెట్ ఉండాలి' అని ఒక్క ముక్క ఉంది, ఎప్పుడు తెరవాలి, ఎవరు తెరవాలి అన్నది లేదు. సరేనని ఒక మెయింటెయినర్‌ని (ప్రాజెక్టును నడిపేవాళ్లలో ఒకరిని) చాట్‌లో అడిగాను, ఇప్పుడే తెరిచేయమన్నారు. తెరిచాను. సాయంత్రానికల్లా ఇంకో మెయింటెయినర్ దాన్ని మూసేసి, కొత్తవాళ్లు పేరు కోసం టికెట్లు తెరుస్తున్నారని అందరూ చూసేలా కామెంట్ పెట్టారు. అడిగి తెరిచినవాడిని పట్టుకుని ఆ మాట! పటమటలో మా ఇంట్లో కూర్చుని అది చదువుతుంటే ఒళ్లు మండిపోయింది. జవాబు రాశాను, ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత ప్రపోజల్ ఓకే అయింది. కోడ్ పంపితే టికెట్ నంబర్ లేదని బాట్ (కోడ్‌ను తనిఖీ చేసే ఆటోమేటిక్ ప్రోగ్రామ్) ఆపేసింది. మూసిన టికెట్ తెరవమంటే ప్రపోజల్ రాసినవాళ్లే కొత్తది తెరవాలన్నారు, కొత్తది తెరిస్తే దానికి లేబుల్ పెట్టే పర్మిషన్ బయటివాళ్లకు లేదన్నారు. ఈలోగా చర్చ ప్రపోజల్ కింద కొంత, మూసిన టికెట్‌లో కొంత, చాట్‌లో కొంత, ఎక్కడ ఏం తేలిందో ఎవరికీ తెలీదు.

గుంటూరులో నాకు తెలిసిన ఒక సీనియర్ అన్న ఉన్నారు. వాదించడం ఆపి మిగతా ప్రాజెక్టులు ఏం చేస్తున్నాయో చూపించమన్నారు. చూపించాను. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఆర్‌ఎఫ్‌సీ (ప్రపోజల్‌కి వాళ్ల పేరు) ఓకే అయ్యాకే ట్రాకింగ్ ఇష్యూ (అంటే టికెట్) తెరుస్తారు, దాని లింకు ఆర్‌ఎఫ్‌సీ పైభాగంలో పెడతారు. సర్వర్లలో ప్రోగ్రామ్‌లను నడిపే కుబర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్‌లో దీనికి రివర్సు: ముందు ఇష్యూ తెరవాలి, ఆ నంబరే ప్రపోజల్ ఫోల్డర్‌కి పేరులో వస్తుంది, ఆల్ఫా (తొలి ప్రయోగ దశ) నుంచి స్టేబుల్ (స్థిరపడిన దశ) దాకా అన్నీ అందులోనే. గో భాషలో అయితే ప్రపోజలే ఒక ఇష్యూ, ఓకే అయ్యాక పని కూడా అక్కడే నడుస్తుంది. ఏ పద్ధతైనా పర్లేదు, కానీ ముందే రాసిపెట్టి ఉండాలి కదా! రాయకుండా వదిలేసి కొత్తగా వచ్చినవాళ్లను తిట్టడం పద్ధతి కాదు.

నన్నడిగితే రస్ట్ దారే మంచిది. ఓకే కాకముందే టికెట్ ఉంటే జనం అక్కడ కూడా వాదనకు దిగుతారు, ప్రపోజల్ వీగిపోతే ఆ టికెట్ అనాథలా పడి ఉంటుంది. ఓకే చేసిన మెయింటెయినరే, మొదటి కోడ్ రాకముందే, ఆ రోజే తెరవాలి. మా ప్రాజెక్టు రూల్స్ పేజీలో ఇప్పుడు ఈ మాటే ఉంది, ఆ వాక్యాలు నేను రాసినవే, గర్వంగానే చెప్తున్నా.

మీరు ఇలాంటి పనికి దిగితే చాట్‌లో చెప్పిన మాట నమ్మకండి, ప్రపోజల్ కిందే అడిగి రాతలో జవాబు తీసుకోండి. టికెట్‌లో కోడ్, టెస్టులు, డాక్యుమెంటేషన్‌తో పాటు తేలని ప్రశ్నలు కూడా రాయండి. మా టికెట్‌లో ఇంకా ఒకటి మిగిలే ఉంది: బ్యాక్‌స్పేస్ కొడితే 'ష్ణా' మొత్తం పోవాలా, చివరి గుర్తు ఒక్కటే పోవాలా? తెలుగులో రోజూ టైప్ చేసేవాళ్లు వచ్చి మీ మాట చెప్పండి.