సోఫా వెనక వాన

నిన్న రాత్రి మా హాల్లో వాన కురిసింది. బొమ్మ తెర మీద ఉంది, చినుకుల చప్పుడు మాత్రం సోఫా వెనక గోడ దగ్గర.

నా బ్లూ-రే డిస్కులను హార్డ్‌డిస్కులోకి ఎక్కించుకుని, స్ట్రీమింగ్ బాక్సులో చూస్తున్నాను. వాటిలో ఉన్న శబ్దం డాల్బీ ట్రూహెచ్‌డీ రకం. స్టూడియోలో సిద్ధం చేసిన శబ్దం ఒక్క బిట్టు కూడా పోకుండా అందులో ఉంటుంది. అయినా రెండేళ్లుగా స్పీకర్లను నడిపే రిసీవర్ మీద, కుదించిన శబ్దమైన ‘డాల్బీ డిజిటల్’ అనే కనిపించేది. ఎంత బాధగా ఉండేదో!

కారణం తీగలో దొరికింది. బాక్సు టీవీకి, టీవీ ఆప్టికల్ తీగతో రిసీవర్‌కు కలిపి ఉన్నాయి. ఆ తీగ రెండు ఛానళ్ల పీసీఎం (కుదించని డిజిటల్ శబ్దం) గానీ, కుదించిన 5.1 (ఆరు ఛానళ్ల శబ్దం) గానీ మోస్తుంది. ట్రూహెచ్‌డీ అందులో పట్టదు. హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈఏఆర్‌సీ (టీవీ నుంచి రిసీవర్‌కు శబ్దం పంపే దారి) అయితే మోయగలదు, మా పాత టీవీలో అది లేదు. (ఓటీటీ సినిమాల సంగతి వేరు. అక్కడ సాధారణంగా వచ్చేదే కుదించిన శబ్దం, ఏ తీగ వేసినా అంతే.)

బాక్సును హెచ్‌డీఎంఐతో నేరుగా రిసీవర్‌కు కలిపి, శబ్దాన్ని మార్చకుండా ఉన్నదున్నట్టు పంపే ‘పాస్‌త్రూ’ ఆన్ చేశాను. లోపల ‘టిక్’ మంది. నీలి అక్షరాలు మారాయి: ట్రూహెచ్‌డీ.

వంటింట్లోంచి అమ్మ వచ్చి కిటికీ మూయబోయింది.