ఫైనలియర్ రెజ్యూమె: ఒక్క పేజీ వెనక నేను చేసిన పని

క్యాంపస్ డ్రైవ్‌లో టెక్నికల్ ప్యానెల్ ముందు కూర్చున్నప్పుడు వాళ్ల చేతిలో మన రెజ్యూమె తప్ప ఇంకేమీ ఉండదు. "ఈ ప్రాజెక్ట్ గురించి చెప్పండి" దగ్గర మొదలుపెట్టి చాలా ప్రశ్నలు ఆ కాగితంలోంచే తీస్తారు. అంటే మనల్ని ఏం అడగాలో సగం మనమే రాసిస్తున్నాం. జేఎన్‌టీయూ హైదరాబాద్ పరిధిలోని కాలేజీలో ఈసీఈ ఫైనలియర్‌లో నా రెజ్యూమె తయారు చేసుకున్నప్పుడు ప్రతి లైనునీ ఈ లెక్కతోనే చూశాను. దీని మీద పది నిమిషాలు అడిగితే చెప్పగలనా? చెప్పగలిగితే ఉంచాను, లేకపోతే తీసేశాను.

టెంప్లేట్ తెరవకముందు చేయాల్సిన పని ఒకటుంది. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, అన్ని సెమిస్టర్ల మెమోలు, మినీ ప్రాజెక్ట్ రిపోర్ట్, ఇంటర్న్‌షిప్ లెటర్, సర్టిఫికెట్లు అన్నీ ముందు పెట్టుకుని ఒక మాస్టర్ ఫైల్ రాయాలి. ఇది ఎవరికీ పంపేది కాదు కాబట్టి మూడు పేజీలైనా పర్వాలేదు. చేసిన ప్రతి పనీ, తేదీలతో సహా అందులో ఉండాలి. కంపెనీకి వెళ్లే ఒక్క పేజీని ప్రతిసారీ ఇందులోంచే కోసుకోవాలి. తేదీలు గుర్తున్నంత మేరకు వేసుకుంటే రెజ్యూమెలో ఒకటి, కంపెనీ ఫారంలో ఇంకొకటి పడతాయి. ఆ తేడా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడుతుంది.

పేరు దగ్గరే మనవాళ్లకు పెద్ద చిక్కు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది, కొందరికి ఇనిషియల్ మాత్రమే ఉంటుంది. ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, పాన్‌లో మరో స్పెల్లింగ్. కంపెనీ పోర్టల్ మాత్రం ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని విడివిడిగా అడుగుతుంది. నేను పాటించిన పద్ధతి ఒక్కటే: రెజ్యూమెలోనూ పోర్టల్‌లోనూ టెన్త్ మెమో స్పెల్లింగే వాడాను. ఆఫర్ లెటర్, వెరిఫికేషన్ తర్వాత దాని మీదే నడుస్తాయి. ఆధార్, పాన్‌లలో తేడా ఉంటే థర్డ్ ఇయర్‌లోనే సరిచేయించుకోండి. డ్రైవ్‌ల సీజన్లో ఆ తిరుగుడు పెట్టుకోవద్దు.

పేరు కింద ఒకటే లైను చాలు. +91తో ఫోన్ నంబరు, పేరుతో ఉన్న ఈమెయిల్, ఊరు, లింక్డ్‌ఇన్, గిట్‌హబ్. కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీ పాసవుట్ అయ్యాక పనిచేయకపోవచ్చు, సొంతది ఇవ్వండి. లింక్డ్‌ఇన్ చిరునామా చివర వచ్చే అంకెల తోకను సెట్టింగ్స్‌లో తీసేయవచ్చు. లింకుల్ని ఐకాన్ల వెనక దాచకుండా అక్షరాల్లో రాయాలి, ఎందుకంటే ప్రింట్ తీసిన కాగితం మీద ఐకాన్‌ని ఎవరూ నొక్కలేరు. తండ్రి పేరు, పుట్టినతేదీ, ఇంటి డోర్ నంబరు, పెళ్లయిందా లేదా అన్నవి తీసేయండి. అవి పాత బయోడేటాలోంచి వచ్చినవి, కావాలంటే ఫారంలో వాళ్లే అడుగుతారు. "ఛాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్‌లో పనిచేసి సంస్థ ఎదుగుదలకు తోడ్పడటం" అనే ఆబ్జెక్టివ్, చివర సంతకంతో డిక్లరేషన్ కూడా అంతే. ఈ రెండూ కలిసి ఐదారు లైన్లు తింటాయి. ఒక్క పేజీలో అది ఒక ప్రాజెక్ట్ పట్టే చోటు.

మార్కుల విషయంలో జాగ్రత్తగా ఉండాలి. చాలా పెద్ద సర్వీస్ కంపెనీలు టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం లేదా 6 సీజీపీఏ అడుగుతాయి. సీజీపీఏని 10తో గుణించి శాతం అని వేసేవాళ్లు ఎంతోమంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్18 రెగ్యులేషన్‌లో అయితే ముందు 0.5 తీసేసి ఆ తర్వాత 10తో గుణించాలి. 0.75 తీసేసే విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి. 6.4 ఉన్నవాళ్లు నేరుగా గుణిస్తే 64 వస్తుంది, సూత్రం ప్రకారం అది 59. కటాఫ్‌కి అటూ ఇటూ తేలేది ఇక్కడే. అందుకని మెమోలో ఏ స్కేలు ఉంటే రెజ్యూమెలో అదే రాశాను: బీటెక్‌కి సీజీపీఏ, ఇంటర్‌కి 1000కి వచ్చిన మార్కుల శాతం, టెన్త్‌కి 10కి వచ్చిన జీపీఏ. శాతమే కావాలని ఫారం అడిగినచోట మాత్రం యూనివర్సిటీ సూత్రం వాడాను. 6.96ని 7 చేయకూడదు. ఇంకా చదువుతుంటే "ఆరో సెమిస్టర్ వరకు" అని పక్కన పెట్టాలి. బ్యాక్‌లాగ్‌లు రెజ్యూమెలో రాయనక్కర్లేదు. ఫారంలో అడిగితే మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి, దాచి ఆఫర్ పోగొట్టుకునే పరిస్థితి తెచ్చుకోకూడదు.

ఇక ప్రాజెక్టులు. ఫ్రెషర్ రెజ్యూమెకి ఇదే గుండెకాయ, నేను ఎక్కువ సమయం పెట్టింది కూడా ఇక్కడే. అమీర్‌పేటలో రెడీమేడ్‌గా దొరికే ప్రాజెక్టుల టైటిళ్లు ప్యానెల్ వాళ్లకు కంఠతా వచ్చు. ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్, ఫేక్ న్యూస్ డిటెక్షన్ లాంటివి ఒకే రోజు చాలామంది రెజ్యూమెల్లో చూస్తారు. టైటిల్ పాతదైనా ఫర్వాలేదు కానీ అందులో మన చేతులతో చేసింది కనపడాలి. మాది నేల తేమను బట్టి మోటారు నడిపే ప్రాజెక్ట్, ఇదీ పాత ఐడియానే. మామూలుగా దీన్ని "ఐఓటీ వాడి స్మార్ట్ ఇరిగేషన్ సిస్టమ్ డెవలప్ చేశాం" అని ఒక్క లైనులో తేల్చేస్తారు. ఆ లైనులో అడగడానికి ఏమీ లేదు కాబట్టి ప్యానెల్ సిలబస్‌లోకి వెళ్లిపోతుంది.

నేను దాన్ని మూడు బుల్లెట్లుగా విడగొట్టాను. రెజ్యూమెలో ఇంగ్లీషే, సారం ఇక్కడ చెప్తున్నాను. మొదటిది ఏం కట్టామో చెప్తుంది: ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు, నేల తేమ కొలిచే కెపాసిటివ్ సెన్సర్, మోటారుని ఆన్ ఆఫ్ చేసే రిలే, ఎమ్‌క్యూటీటీ అనే మెసేజింగ్ పద్ధతి ద్వారా రీడింగులు పంపడం. రెండోది నా వంతు పని: సెన్సర్‌ని పొడి గాలిలోనూ నీళ్లలోనూ పెట్టి చూసి, 0 నుంచి 4095 మధ్య వచ్చే రీడింగ్‌ని తేమ శాతంగా మార్చడం. మూడోది ఎదురైన సమస్య: 25వ పిన్ మీద ఉన్న సెన్సర్ వైఫై ఆన్ కాగానే రీడింగ్ ఇవ్వడం మానేసేది. సెన్సర్ వోల్టేజీని అంకెగా మార్చే భాగాలు (ఏడీసీ) ఆ బోర్డులో రెండున్నాయి. ఆ పిన్ ఏడీసీ2లో ఉంటుంది, వైఫై డ్రైవర్ కూడా ఏడీసీ2నే వాడుకుంటుంది. ఏడీసీ1లో ఉన్న 34వ పిన్‌కి మార్చితే సరిపోయింది. ఈ మూడో బుల్లెట్ చూసిన వాళ్లెవరూ దాన్ని దాటి పోలేదు. "కారణం ఎలా కనిపెట్టారు?" అని అడిగేవాళ్లు, అక్కణ్నుంచి ఇంటర్వ్యూ నాకు తెలిసిన దారిలోకే వచ్చేది. సీఎస్ఈ వాళ్లకైతే అది నిదానంగా నడిచే క్వెరీకి ఇండెక్స్ వేయడం కావచ్చు, ఒకే ఫారం రెండుసార్లు సబ్మిట్ కాకుండా ఆపడం కావచ్చు. ప్రతి ప్రాజెక్టులో ఇలాంటిది ఒక్కటైనా ఉంటుంది, వెతికి పట్టుకుని రాయాలి.

రెజ్యూమెలో అంకెలు ఉండాలని అందరూ చెప్తారు. దాంతో "ఎఫిషియెన్సీ 40 శాతం పెంచాను" అని రాసేస్తున్నారు. ఎలా కొలిచారని అడిగితే నోట మాట రాదు, ఆ ఒక్క లైనుతో మిగతా పేజీ మీద కూడా నమ్మకం పోతుంది. లెక్కపెట్టగలిగినవే రాయండి: ఎన్ని టేబుళ్లు, డేటాసెట్‌లో ఎన్ని వరసలు, ఎన్ని నిమిషాలకొక రీడింగ్, టీమ్‌లో ఎంతమంది. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్ట్ అయితే నలుగురని చెప్పి అందులో మీ భాగం విడిగా రాయాలి. మీ బ్యాచ్‌మేట్ కూడా అదే డ్రైవ్‌కి వస్తాడన్నది మర్చిపోవద్దు. ఇద్దరూ "మొత్తం నేనే చేశాను" అంటే ఇద్దరికీ నష్టమే. బుల్లెట్ ఏదైనా రెండు లైన్లు దాటకూడదు, "రెస్పాన్సిబుల్ ఫర్" అని కాకుండా నేరుగా చేసిన పనితో, క్రియతో మొదలవ్వాలి.

స్కిల్స్‌ని లాంగ్వేజెస్, టూల్స్, డేటాబేస్ అని వరసలుగా విడదీశాను. పక్కన నక్షత్రాలు, 80 శాతం అని చూపే గీతలు వద్దు, దేనిలో 80 శాతమో ఎవరికీ తెలియదు. సెకండ్ ఇయర్ ల్యాబ్‌లో ఒక్కసారి ముట్టుకున్న సాఫ్ట్‌వేర్ ఇక్కడికి రాకూడదు. సీ, పైథాన్, జావా మూడూ రాస్తే మూడింటిలోనూ కోడ్ రాయమంటారు. నేను సీ, పైథాన్, ఎస్‌క్యూఎల్ దగ్గర ఆపేశాను. మైఎస్‌క్యూఎల్, జావాస్క్రిప్ట్, గిట్‌హబ్ లాంటి పేర్లలో ఏ అక్షరం పెద్దదో కూడా చూసుకోవాలి, రోజూ వాడేవాళ్ల కంటికి అది వెంటనే తగులుతుంది.

సర్టిఫికెట్లు రెండు మూడు చాలు. వీడియోలు చూస్తే వచ్చేవాటికంటే పరీక్ష రాసి తెచ్చుకున్నవాటికి విలువ. ఐఐటీలు నడిపే ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ కోర్సులో అసైన్‌మెంట్లకు 25 శాతం, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకు 75 శాతం వెయిటేజ్ ఉంటుంది. అందుకే సర్టిఫికెట్ మీద ఎలీట్ అనే గ్రేడ్ వచ్చినా స్కోరుతో సహా రాయొచ్చు. హాబీలు నేను పెట్టలేదు.

తయారీ విషయానికి వస్తే, ఏ4 కాగితం, ఒకే కాలమ్, అంచులు అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం, అక్షరాలు 10 లేదా 11 పాయింట్, పేరు 16 నుంచి 18. కాన్వా లాంటి డిజైన్ సైట్లలో రెండు కాలమ్‌ల రంగుల టెంప్లేట్లు చూడ్డానికి బాగుంటాయి. పోర్టల్‌లో అప్‌లోడ్ చేసినప్పుడు సాఫ్ట్‌వేర్ ముందు అక్షరాల్ని బయటికి లాగుతుంది, అప్పుడు ఎడమ కాలమ్‌లోని స్కిల్స్ కుడి కాలమ్‌లోని చదువు మధ్యలో దూరిపోవచ్చు. టెక్స్ట్ బాక్సులు, టేబుళ్లు, పేజీ హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబరు కూడా కొన్నిచోట్ల గల్లంతవుతాయి. దీనికి పరీక్ష చాలా తేలిక. పీడీఎఫ్ తెరిచి కంట్రోల్ ఏ, కంట్రోల్ సీ కొట్టి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. వరస చెడకుండా వస్తే సరే. ఏమీ రాకపోతే మీ ఫైల్ ఫొటోగా సేవ్ అయిందని అర్థం. ఓవర్‌లీఫ్ సైట్లో లేటెక్ (కోడ్ రాసి పేజీ తయారు చేసే పద్ధతి) వాడేవాళ్లు ఒకటి గమనించాలి. ఎఫ్, ఐ అక్షరాలు పక్కపక్కన వచ్చినచోట అవి ఒకే గుర్తుగా అతుక్కుని, పేస్ట్ చేసినప్పుడు "సర్టిఫైడ్" లాంటి మాటల మధ్యలో ఖాళీ రావచ్చు. ఫైల్ పైభాగంలో గ్లిఫ్‌టుయూనికోడ్‌ని ఇన్‌పుట్ చేసి, పీడీఎఫ్‌జెన్‌టుయూనికోడ్ విలువ 1 చేస్తే ఆ సమస్య పోతుంది. రెజ్యూమెకి ఇన్ని మార్కులని చెప్పే వెబ్‌సైట్ల స్కోరు వెంట పడకండి, కంపెనీ వాళ్లు చూసేది ఆ అంకె కాదు.

తర్వాత జిరాక్స్ షాపులో ఒక బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీయించి చూడాలి. లేత బూడిద రంగులో పెట్టిన తేదీలు కాగితం మీద మాయమవుతాయి. ఈ పేజీని మీ బ్రాంచ్ కాని ఒకరికి, మీ సీనియర్ ఒకరికి చూపించండి. మొదటివాళ్లకు అర్థం కాని లైను హెచ్‌ఆర్‌కీ అర్థం కాదు. రెండోవాళ్లు అడిగే ప్రశ్నలే ప్యానెల్ అడిగేది.

ప్రతి ఉద్యోగానికీ రెజ్యూమె మొత్తం మార్చనక్కర్లేదు. జాబ్ డిస్క్రిప్షన్ చదివి, అందులో రెండుమూడుసార్లు వచ్చిన మాటల్ని గుర్తుపెట్టుకుని, మాస్టర్ ఫైల్లో వాటికి సరిపోయేవి పైకి తెచ్చేవాణ్ని. ఎంబెడెడ్ ఉద్యోగమైతే ఈఎస్‌పీ32 ప్రాజెక్ట్ ముందు, డేటా ఉద్యోగమైతే పైథాన్ ప్రాజెక్ట్ ముందు. వాళ్లు వాడిన పేరే మనమూ వాడాలి. పొడి అక్షరాలున్న పేరుకి పూర్తి రూపం కూడా ఒకసారి పక్కన ఇస్తే ఏది వెతికినా దొరుకుతాం. రాని స్కిల్ మాత్రం అక్కడ ఉంది కదా అని చేర్చకూడదు.

డబ్బు కడితే రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనే మాట హైదరాబాద్‌లో కోర్సులు నేర్చుకునే ప్రతి ఒక్కరి చెవినా పడుతుంది. దయచేసి ఆ పని చేయకండి. వెరిఫికేషన్ వాళ్లు పీఎఫ్ నంబరు (యూఏఎన్) కింద ఉన్న సర్వీస్ హిస్టరీ, జీతంలో కోసిన పన్ను కనిపించే ఫారం 26ఏఎస్ చూస్తారు. చేరాక ఏడాదికి బయటపడినా ఉద్యోగం నుంచి తీసేస్తారు, ఆ తర్వాత పెట్టే రెజ్యూమెలో ఆ ఏడాదిని ఏమని రాయాలో కూడా తెలియదు. కాలేజీ అయ్యాక వచ్చిన గ్యాప్‌ని అలాగే ఉంచి, ఆ నెలల్లో చేసిన ప్రాజెక్టునీ రాసిన పరీక్షనీ తేదీలతో చూపించడం ఎంతో మేలు.

అమెరికాలో ఎంఎస్ చేస్తూ అప్లై చేసేవాళ్లకు కొలతలు కొంచెం మారతాయి. అక్కడ కాగితం లెటర్ సైజు, ఫొటో, వయసు ఉండకూడదు, టెన్త్, ఇంటర్ మార్కులు అక్కర్లేదు. మిగతాదంతా ఇదే.

ఫైల్ పేరులో మీ పేరు, ఉద్యోగం పేరు ఉండాలి, "రెజ్యూమె ఫైనల్ 2" అని కాదు. నౌకరీ జాబ్ సైట్‌లో 2 ఎంబీ దాటిన ఫైల్ ఎక్కదు, మనం చేసిన ఒక్క పేజీ పీడీఎఫ్‌కి ఆ ఇబ్బంది రాదు. అప్లై చేసిన ప్రతిసారీ కంపెనీ పేరు, తేదీ, పంపిన ఫైల్ కాపీ, జాబ్ డిస్క్రిప్షన్ ఒక ఫోల్డర్‌లో పెట్టుకున్నాను. కాల్ వారాల తర్వాత వచ్చేసరికి పోర్టల్ నుంచి ఆ పోస్టింగ్ తీసేసి ఉంటారు. అప్పుడు ప్రింట్ తీయాల్సింది కొత్తగా దిద్దిన రెజ్యూమె కాదు, వాళ్ల దగ్గరున్న ఆ పాత ఫైలే. దాన్ని మూడు కాపీలు తీయించుకుని, ఒకదాని మీద ప్రతి బుల్లెట్ పక్కన రాగల ప్రశ్న పెన్సిల్‌తో రాసుకుంటే ఆ సాయంత్రం ప్రిపరేషన్ అదే.